ఇంజనుతో పాటు డ్రాయింగులు కొన్న దేశం

2024 లోక్‌సభ ఎన్నికల సందర్భంగా మేదినీపూర్ నియోజకవర్గానికి వెళ్ళినపుడు ఖరగ్‌పూర్‌లో రెండు రోజులు ఉన్నాను. వెళ్ళింది తెలుగు ఓట్ల సంగతి తెలుసుకోవడానికి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబాల మూడో తరమూ, నాలుగో తరమూ అక్కడ స్థిరపడి ఉన్నాయి. అభ్యర్థులు వారి కోసం తెలుగులో కరపత్రాలు వేయిస్తారు. ప్రత్యర్థి పార్టీల కరపత్రాలను పక్కపక్కన పెట్టి చదువుతుండగా ఒక విచిత్రం గమనించాను. ఉప్పూ నిప్పుగా ఉండే పార్టీల అక్షరాలు మాత్రం ఒకే పోలికలో ఉన్నాయి. అదే వంపు, అదే తలకట్టు, రావత్తు దగ్గర అదే చిన్న ఎడం.

విచారిస్తే అవన్నీ గోల్‌బజార్ సమీపంలోని ఒకే డి.టి.పి. దుకాణంలో తయారైనవని తేలింది. దుకాణదారు రైల్వేలో గుమాస్తాగా చేసి విరమించిన పెద్దమనిషి. కంప్యూటర్ పని చూసేది ఆయన మేనల్లుడు. ఓట్ల లెక్క గురించి వారు చెప్పింది తక్కువ. కంప్యూటర్ గురించి చెప్పింది మాత్రం రాత్రి పది దాటేవరకూ సాగింది. ఆ సంభాషణకు నేను రాసే రాజకీయాలతో సంబంధం లేదని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ఆయన దగ్గర పాతికేళ్ళ ఫైళ్ళున్నాయి. పెళ్ళి శుభలేఖలు, మాత పూజ ఆహ్వానాలు, కార్మిక సంఘాల కరపత్రాలు, సాంస్కృతిక సంఘాల సావనీర్లు, పెద్దకర్మ కార్డులు. వి.వి. గిరి 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించిన సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ సమ్మె చేసిన వారి మనవలు ఎవరు, ఏ కాలనీలో ఉన్నారు, ఎవరిని పెళ్ళాడారు, ఎప్పుడు పోయారు అన్నది దొరికేది ఈ ఫైళ్ళలోనే. అయితే ఆ ఫైళ్ళు యూనికోడ్‌లో లేవు. తొంభైల నాటి ఒక తెలుగు డి.టి.పి. సాఫ్ట్‌వేర్ తనకు తోచిన సంకేతాలతో దాచిన ఫైళ్ళవి. ఆ సాఫ్ట్‌వేర్ తెరవాలంటే అగ్గిపెట్టె అంత డాంగిల్ ఒకటి కంప్యూటర్ వెనుక, పాత ప్రింటర్ పోర్టుకు తగిలించి ఉండాలి. డాంగిల్ కనపడకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. ఆ రోజుల్లో భారతీయ భాషల సాఫ్ట్‌వేర్‌ను దొంగ కాపీల నుంచి కాపాడుకోవడానికి కంపెనీలు వాడిన పద్ధతి అది. అందులో అన్యాయం ఏమీ లేదు. చెమటోడ్చి చేసిన వస్తువుకు తాళం వేసుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పాత కంప్యూటర్ మదర్‌బోర్డు ఉబ్బిన కెపాసిటర్లతో ఒక రోజు పూర్తిగా ఆగిపోయింది. కొత్త కంప్యూటర్లకు ప్రింటర్ పోర్టే లేదు. సాఫ్ట్‌వేర్ అమ్మినవారికి ఫోన్ చేస్తే ఆ వెర్షన్‌కు సహాయం ఎప్పుడో ఆపేశామన్నారట. కొత్తది కొనుక్కోమన్నారు. కొత్తది పాత ఫైళ్ళను సరిగా తెరుస్తుందా అంటే జవాబు లేదు.

"ఏటి బాబూ, ఇంజను పాతదయిందని బండి ఆపేస్తామేటి?" అన్నారాయన. వర్క్‌షాపు ఊరి మనిషి అడగవలసిన ప్రశ్నే.

మేనల్లుడు చేసిన పనిని కొంచెం వివరంగా చెప్పాలి. మొదట యు.ఎస్.బి.ని ప్రింటర్ పోర్టుగా మార్చే కేబుల్ తెచ్చాడు. పని చేయలేదు. ఆ కేబుల్‌కు ప్రింటర్‌తో మాట్లాడటం మాత్రమే తెలుసు. డాంగిల్‌ను వెతికే పాత సాఫ్ట్‌వేర్ పోర్టులోని తీగలను నేరుగా తడిమి చూస్తుంది. తరువాత మదర్‌బోర్డు మీది పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో పెట్టే ప్రింటర్ పోర్టు కార్డు ఒకటి కొన్నాడు. దాని డ్రైవర్ విండోస్ 7 దగ్గర ఆగిపోయింది. డ్రైవర్‌తో వచ్చే చిన్న టెక్స్ట్ ఫైలు ఒకటుంటుంది. ఏ చిప్పుకు ఆ డ్రైవర్ వర్తిస్తుందో అందులో అంకెల్లో రాసి ఉంటుంది. అదే చిప్పుతో మరొక కంపెనీ చేసిన కార్డు డ్రైవర్ తెచ్చి, అందులో తన కార్డు అంకెను చేర్చాడు. వెంటనే విండోస్ అడ్డుపడింది. ఫైలులో ఒక అక్షరం మారినా సంతకం చెల్లదు. సంతకం చెల్లని డ్రైవర్‌ను 64 బిట్ల విండోస్ మామూలుగా లోపలికి రానివ్వదు. ఆ తనిఖీని పక్కన పెట్టే మార్గం ఉంది గానీ, దాని వల్ల నిజమైన దొంగలకూ తలుపు తీసినట్లవుతుందని అతనికి తెలుసు.

ఒకవేళ ఆ తలుపు తీసినా పని జరిగేది కాదు. పాత సాఫ్ట్‌వేర్‌కు తెలిసిన పోర్టు చిరునామా 378 ఒక్కటే. మదర్‌బోర్డుతో పాటు వచ్చిన పోర్టులు ఆ చిరునామాలో కాపురం ఉండేవి. స్లాట్‌లో పెట్టిన కార్డుకు కంప్యూటర్ వేరే చిరునామా కేటాయిస్తుంది. పాత ఇంటి నంబరుకు ఉత్తరాలు వేస్తూ కూర్చుంటే కొత్త ఇంట్లో ఉన్నవారికి ఎలా అందుతాయి?

చివరకు దారి చూపింది లినక్స్. ఆ కార్డు చేసిన కంపెనీ లినక్స్ కోసం తాను చేసిందేమీ లేదు. అయినా లినక్స్ ఆ చిప్పును చూడగానే గుర్తుపట్టింది. ఎక్కడో ఎవరో దాని వివరాలు తెలుసుకుని డ్రైవర్ రాసి, అందరికీ వదిలిపెట్టారు. లినక్స్ లోపల ఒక వర్చువల్ మెషీన్, అంటే ఉత్తుత్తి కంప్యూటర్, దాంట్లో పాత విండోస్, దాంట్లో పాత తెలుగు సాఫ్ట్‌వేర్. ఉత్తుత్తి కంప్యూటర్‌కు తన పోర్టు 378 లోనే ఉన్నట్లు కనిపిస్తుంది. దాని కింద నుంచి లినక్స్ ఆ మాటలను నిజమైన కార్డుకూ, దాని చివర వేలాడే డాంగిల్‌కూ చేరవేస్తుంది. పదకొండు రాత్రుల పని. అవతలి డాంగిల్ జవాబు చెప్పి తెర మీద తెలుగు వచ్చినపుడు తెల్లవారుజామున నాలుగయిందట. మామయ్యను నిద్ర లేపి చూపించాడు.

ఇక్కడ ఎవరూ తాళం పగలగొట్టలేదు. కొన్న డాంగిల్, కొన్న సాఫ్ట్‌వేర్, కొన్న కార్డు. కొన్నవాటిని కొన్నవారు వాడుకోవడానికి పదకొండు రాత్రులు పట్టింది.

కంపెనీలు ఈ శ్రమను ఎలా చూస్తాయో 2008లో ప్రపంచం చూసింది. విండోస్ విస్టా వచ్చాక క్రియేటివ్ కంపెనీ వారి సౌండ్ బ్లాస్టర్ కార్డుల్లో అనేక సదుపాయాలు పని చేయడం మానేశాయి. బ్రెజిల్‌కు చెందిన ఒక వ్యక్తి ఆ డ్రైవర్లను సవరించి సదుపాయాలను తిరిగి తెచ్చాడు. కంపెనీ బహిరంగంగా అతన్ని ఆపమంది. ఏ కార్డుకు ఏ సదుపాయం ఇవ్వాలన్నది తమ వ్యాపార నిర్ణయమనీ, ఆ హక్కు తమదేననీ చెప్పింది. కార్డులు కొన్నవాళ్ళు మండిపడ్డాక కొద్ది రోజులకే మెత్తబడింది. 'చేయలేం' అన్న మాటకూ 'చేయం' అన్న మాటకూ మధ్య దూరం ఎంతో ఆ ఉదంతం బయటపెట్టింది. రాజకీయ విలేకరిగా ఈ రెండు మాటల తేడా నాకు బాగా పరిచయం.

మన చట్టం ఏమంటోంది? కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, చట్టబద్ధంగా తన దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌ను ఇతర సాఫ్ట్‌వేర్‌తో కలిపి పని చేయించడానికి అవసరమైన సమాచారం మరోచోట సులభంగా దొరకనపుడు, దాన్ని రాబట్టుకోవడాన్ని ఉల్లంఘనగా పరిగణించదు. 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ సాంకేతిక తాళాలను తప్పించడాన్ని నేరం చేసింది గానీ, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉంటేనే. శిక్ష రెండేళ్ళ జైలు వరకూ. మరొకరి కోసం తాళం తప్పించి పెట్టేవారు మాత్రం ఆ మనిషి పేరు, చిరునామా, ప్రయోజనం రాసి పెట్టుకోవాలని అందులో నిబంధన ఉంది. రేపు డాంగిల్ చెడిపోయి, మేనల్లుడు దాని బదులు మరొక ఉపాయం చేస్తే మామయ్య పేరు మీద రిజిస్టరు తెరవాలేమో! అమెరికాలో ఇంతకంటే కఠినమైన చట్టం ఉంది. అయినా చెడిపోయి, వాడుక నుంచి పోయిన డాంగిళ్ళ విషయంలో ఆ తాళాన్ని తప్పించవచ్చని అక్కడి లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్ 2003లోనే స్పష్టంగా మినహాయింపు ఇచ్చారు. మన దగ్గర చట్టం మెత్తగానే ఉంది, కానీ స్పష్టంగా చెప్పే నాథుడు లేడు. గోల్‌బజార్‌లో కూర్చున్నవారు లాయరును పెట్టుకుని సెక్షన్లు చదివించుకోలేరు.

కేంద్రం 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. ఎంచుకున్న రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు-టాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ ప్రారంభించారు. మంచిదే. అయితే మన విధాన చర్చలో మరమ్మతు అంటే విడిభాగాలు, సర్వీసు సెంటర్లు. ఖరగ్‌పూర్ కార్డులో ఏ భాగమూ చెడిపోలేదు. చెడింది దాని గురించిన సమాచారం. అది ఏ విడిభాగాల దుకాణంలోనూ దొరకదు. 2023 ఏప్రిల్ నుంచి కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు అమలులో ఉన్నాయి. అదే ఏడాది ఆగస్టులో లాప్‌టాప్‌ల దిగుమతిపై ఆంక్షలు ప్రకటించి, తర్వాత సడలించారు. వ్యర్థాల మీద బెంగ, దిగుమతుల మీద బెంగ. ఉన్న యంత్రం ఇంకో పదేళ్ళు నడిస్తే ఈ రెండు బెంగలూ తగ్గుతాయన్న ఊహ మాత్రం విధానాలను శాసించే స్థాయికి ఇంకా రాలేదు.

ఈ దేశానికి ఆ తెలివి లేదనడానికి వీల్లేదు. సాక్ష్యం ఖరగ్‌పూర్ డీజిల్ షెడ్డులోనే ఉంది. అరవైల్లో డీజిల్ ఇంజన్ల కోసం భారత ప్రభుత్వం అమెరికా కంపెనీ ఆల్కోతో ఒప్పందం చేసుకున్నపుడు ఇంజన్లతో సరిపెట్టుకోలేదు. వాటిని ఇక్కడ తయారు చేసే సాంకేతిక పరిజ్ఞానం, డ్రాయింగులతో సహా, అడిగి తీసుకుంది. 1964లో వారణాసి కర్మాగారం నుంచి తొలి ఇంజను బయటకు వచ్చింది. 1969లో ఆల్కో ఇంజన్ల తయారీయే మానేసింది. తయారీదారు మద్దతు అన్నది శాశ్వతంగా పోవడమంటే అదీ. కానీ మన బళ్ళు ఆగలేదు. ఆ నమూనా ఇంజన్లను మనం దశాబ్దాల పాటు చేసుకున్నాం, మార్చుకున్నాం, మెరుగుపరుచుకున్నాం. డ్రాయింగులు మన అల్మారాలో ఉండబట్టే అది సాధ్యమైంది.

కంప్యూటర్లలో కూడా ఇలాంటి ఉదాహరణ మనకొకటి ఉంది. ఐ.ఐ.టి. కాన్పూర్‌లో మొదలై, పుణెలోని సి-డాక్ చేతుల్లో పెరిగిన జిస్ట్ కార్డు. డాస్ కాలపు కంప్యూటర్ స్లాట్‌లో దాన్ని పెడితే తెరపై తెలుగు, హిందీ, తమిళం వచ్చేవి. ఆ కార్డు పెట్టే ఐ.ఎస్.ఎ. స్లాట్ ఈనాటి సాధారణ కంప్యూటర్లలో లేదు. కార్డు మ్యూజియం వస్తువైంది. కానీ ఆ కార్డు వాడిన ఇస్కీ సంకేతాలను 1991లో భారతీయ ప్రమాణంగా, ఐ.ఎస్. 13194 పేరుతో ప్రచురించారు. అందువల్ల ఇస్కీలో దాచిన తెలుగును ఈనాడు యూనికోడ్‌లోకి మార్చడానికి పట్టిక చాలు, కార్డు అక్కరలేదు. ఆ ప్రమాణం వచ్చాక కూడా తమ సొంత సంకేతాలు తాము తయారు చేసుకుని, వాటిని రహస్యంగా ఉంచుకున్న సాఫ్ట్‌వేర్లలో దాచిన తెలుగు మాత్రం డాంగిళ్ళకు తాకట్టు పడింది.

కాబట్టి నేను అడిగేది కంపెనీలు ప్రతి పాత కార్డుకూ ఎల్లకాలం డ్రైవర్లు రాయాలని కాదు. అది అన్యాయం, అసాధ్యం కూడా. సంతకం లేని డ్రైవర్లను అడ్డుకోవడం తప్పని కూడా అనను. దానికి భద్రతా కారణాలున్నాయి. మద్దతు ఆపిన రోజున ఆ వస్తువు చిప్పు వివరాలను, ఫైళ్ళ సంకేతాల పట్టికను ప్రచురించాలి. ప్రభుత్వ కొనుగోళ్ళలోనైనా ఈ షరతు పెట్టాలి. కేంద్ర ప్రభుత్వ ఈ-మార్కెట్ పోర్టల్‌లో టెండరు పత్రం ఎన్ని పేజీలుంటుందో చూసినవారికి తెలుసు. ఇంకో మూడు వాక్యాలు పడితే బరువెక్కిపోదు. 1962 నాటి అధికారులు విదేశీ మారకం కటకటలో కూడా అడగగలిగినదాన్ని, ఇంత పెద్ద కొనుగోలుదారై ఉండి ఈనాటి ప్రభుత్వం అడగకపోవడానికి కారణం నాకు ఒకటే తోస్తోంది. ఇంజను జాతి సంపద అనుకున్నారు. కంప్యూటర్‌ను ఆఫీసు సామాను అనుకుంటున్నారు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదాను ఆమోదించింది. ఎన్నికలకు ముందు వచ్చిన నిర్ణయం కాబట్టి దాని రాజకీయం దానికి ఉంది. ఆ వార్త మీద ఊళ్ళో వెలువడిన అభినందన కరపత్రాన్ని దుకాణంలో నాకు చూపించారు. అదే వంపు, అదే తలకట్టు, రావత్తు దగ్గర అదే ఎడం. పాత కంప్యూటర్ బతికున్న రోజుల్లో, ఆ డాంగిల్ సాక్షిగా తయారైన కరపత్రం.

2025 అక్టోబరు 14న విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ముగిసిన వారంలో మేనల్లుడికి ఫోన్ చేశాను. వాళ్ళకు దానితో పని లేదు, లినక్స్ నడుస్తూనే ఉంది. డాంగిల్ వయసు మాత్రం పెరుగుతోంది, దానికి జోడు లేదు. అందుకని డాంగిల్ బతికి ఉండగానే పట్టిక తయారు చేస్తున్నాడు. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క అక్షరం కొట్టి, ఫైలు దాచి, ఆ ఫైలులో ఏ అంకెలు పడ్డాయో నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. అచ్చులు, హల్లులు, గుణింతాలు అయిపోయాయి. వత్తుల్లో చాలా వరకు పట్టుబడ్డాయి. 'క్ష్మ' దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాడు. అది ఒక్కో చోట ఒక్కో రకం అంకెలతో పడుతోందట. పోనీ ప్రస్తుతానికి వదిలేయమన్నాను.

"ఎలా వదిలేస్తామండీ, లక్ష్మి లేని శుభలేఖ ఏదీ?" అన్నాడు.