మీ బిడ్డ నెమ్మదస్తుడేనా?



"మా వాడు నెమ్మదస్తుడండీ, ఎవరి జోలికీ పోడు" అని తల్లులు మురిసిపోతూ చెప్పడం మేము ఇళ్ళు దర్శించినప్పుడు వింటుంటాము. ఆ నెమ్మది ఎలాంటిదో తెలుసుకోవాలంటే పద్యం అప్పజెప్పించడం కాదు, తోటిపిల్లల ఆటలో విడిచి చూడాలి. చాలామంది పిల్లలు 3 ఏళ్ళకు తోటివారిని చూసి ఆటలో కలుస్తారు. 4 ఏళ్ళకు ఏడ్చేవారిని ఓదారుస్తారు. 5 ఏళ్ళకు తమ వంతు వచ్చేదాకా ఆగుతారు.

అందరూ ఒక్కతీరుగా ఎదగరు గనుక ఒక్కరోజు చూసి తేల్చకండి. అంగన్‌వాడీ టీచరునూ అడగండి. అయితే పిలిచినా పలకని బిడ్డను మొండివాడని కొట్టకండి. వినికిడి లోపమేమో, వెంటనే డాక్టరుకు చూపించండి. వినబడని బిడ్డ కూడా నెమ్మదస్తుడిలాగే కనబడతాడు. ఆలస్యమైతే మాట కూడా వెనుకబడుతుంది.