పంటికి బీమా రాదనడం సగం మాటే

సంపాదకులకు,

గత సంచికలోని ఆరోగ్య బీమా వ్యాసం ‘నోటి వైద్యానికి పైసా రాదు’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది. నోటి శస్త్రచికిత్సలు చేసే వైద్యురాలిగా దీన్ని ఒప్పుకోలేను. ఈ మాట నమ్మి క్లెయిమే పెట్టకుండా అప్పులు చేసిన కుటుంబాలను చూశాను.

పిప్పిపన్ను నింపడం, క్యాప్ వేయడం, గార తీయడం లాంటి వాటికి మామూలు పాలసీలు ఇవ్వవు, నిజమే. కానీ బండి మీంచి పడి దవడ విరిగితే? గుట్కాతో నోటి క్యాన్సర్ వచ్చి దవడ ఎముక తీయాల్సివస్తే? 2020 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఆరోగ్య సంజీవని’ పాలసీలో జబ్బు వల్లో గాయం వల్లో ఆసుపత్రిలో చేరి చేయించుకునే దంత చికిత్సకు కవరేజీ ఉంది. బిల్లులో 5 శాతం మాత్రం మనం భరించాలి.

అసలు చిక్కు జ్ఞానదంతం దగ్గరే. ఎముకలో ఇరుక్కున్నా సరే, క్లినిక్ కుర్చీలో తీసేస్తే అది అవుట్ పేషెంట్ లెక్క. ఆసుపత్రిలో డే కేర్ కింద తీస్తే కొన్ని పాలసీలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. అందుకే ఆపరేషన్‌కు ముందే కంపెనీని రాతపూర్వకంగా అడగాలి. డిశ్చార్జి సమ్మరీలో ‘దంత చికిత్స’ అని వదిలేయకుండా ప్రమాదమో, కణితో, చీముగడ్డో కారణం రాయించుకోవాలి. ఎక్స్‌రేలు దాచుకోవాలి.

క్లెయిమ్‌పై మనం రాసిచ్చిన ఫిర్యాదును కంపెనీ తిరస్కరించినా, దానికి 30 రోజుల్లో బదులివ్వకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుమేమీ లేదు, వకీలు అక్కర్లేదు. ఈ సంగతి మీ వ్యాసంలో తప్పక ఉండాల్సింది.

– ఒక దంతవైద్యురాలు, వరంగల్