స్నానమూ చికిత్సలో భాగమే

స్కిజోఫ్రీనియా ఉన్న మనిషి రోజుల తరబడి స్నానం చేయకపోతే ఇంట్లోవాళ్లు బద్ధకమంటారు, ఇరుగుపొరుగు దూరం జరుగుతారు. అది బద్ధకం కాదు. ఏ పనికీ పూనుకోలేకపోవడం ఆ జబ్బు లక్షణమే. భ్రమలను, చెవిలో వినిపించే మాటలను తగ్గించినంతగా మందులు దీన్ని తగ్గించలేవు. కొన్ని మందుల మత్తు పరిస్థితిని మరింత దిగజారుస్తుంది కూడా. తిడితే ఈ లక్షణం పోదు.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. మానసిక వైకల్యాన్ని లెక్కగట్టే ‘ఐడియాస్’ కొలమానంలో మొదటి అంశమే స్వీయ సంరక్షణ. ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు గుర్తొచ్చే ఈ విషయం సాయం చేయాల్సినప్పుడు ఎందుకు గుర్తుకు రాదు? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 20వ సెక్షన్ చికిత్సా కేంద్రాల్లో పరిశుభ్రత, తగిన దుస్తులు, మహిళలకు నెలసరి అవసరాలను హక్కులుగా గుర్తించింది. బలవంతంగా గుండు గీయడాన్ని నిషేధించింది. కానీ రోగుల్లో అత్యధికులు ఉండేది ఆసుపత్రిలో కాదు, ఇంట్లో. ఢిల్లీలోని సంగమ్ విహార్ లాంటి చోట్ల ఇళ్లకు ట్యాంకర్ వస్తేనే నీళ్లు. జనవరి చలిలో వేడినీళ్లు లేకుండా స్నానం చేయమంటే ఆరోగ్యవంతుడే వెనకాడతాడు.

ఢిల్లీ దిల్షాద్ గార్డెన్‌లోని మానసిక వైద్య సంస్థ ఇహ్‌బాస్ 1993లో సుప్రీంకోర్టు ఆదేశాల ఫలితంగానే రూపుదిద్దుకుంది. పాత షాదరా మానసిక వైద్యశాలను అలా మార్చగలిగినప్పుడు, చికిత్సను ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్లడం అసాధ్యం కాదు. రాజధాని ప్రాంతంలోని ప్రతి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో రోజువారీ పనులు అలవాటు చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్టును నియమించాలి. ఇళ్లకు వెళ్లి నేర్పించే ఏర్పాటు ఉండాలి. రోజూ ఒకే వేళ, ఒక్కో అడుగుగా: ముందు పళ్లు తోమడం, తర్వాత ముఖం కడగడం, ఆ తర్వాతే స్నానం. నీళ్లంటే భయమా, మందుల మత్తా అని ఆరా తీసి, అవసరమైతే డాక్టర్ మందు మార్చాలి. చేసిన కాస్త పనినీ మెచ్చుకోవడం కుటుంబానికి అలవాటు కావాలి.

మందుల చీటీతో పాటు ఈ శిక్షణా అందాలి. ఏ కుటుంబానికైనా సలహా కావాలంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది. అయితే ఫోన్ నంబరుతో బాధ్యత తీరిపోదు. ఒళ్లు శుభ్రంగా ఉంచుకోవడానికి తోడ్పాటు రోగి హక్కు. దానికి బడ్జెట్‌లో సొమ్ము కేటాయించాల్సింది ప్రభుత్వాలే.