తోడు ఎంపికలో చూడవలసినది ఆగే చోటు

వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన రోజున విజయవాడ వన్ టౌన్‌లో ఉదయం తోడుకున్న గేదె పెరుగు సాయంత్రానికే పులిసిపోతుంది. చిన్న వ్యాపారికి ఇది నేరుగా నష్టం. నింద ఎండకొక్కదానికే చెందదు; తోడులోని బాక్టీరియా స్వభావానికీ అందులో భాగముంది.

లాక్టిక్ ఆమ్లపు పి.కె.ఎ. విలువ సుమారు 3.86. పాలలో పి.హెచ్. తగ్గేకొద్దీ విఘటన చెందని ఆమ్ల అణువులు అధికమై, కణత్వచం గుండా లోనికి చొచ్చుకొని ప్రోటాన్లను విడుదల చేస్తాయి. ఎ.టి.పి.ని వ్యయపరచి ఒక ఎంజైము వాటిని వెలుపలికి నెట్టివేస్తుంది. లాక్టోకాకస్ తన లోపలి పి.హెచ్.ను తటస్థతకు చేరువగా నిలుపుకొనజూస్తుంది. ఆ శ్రమ మోయలేక త్వరగా ఆగిపోతుంది. లాక్టోబాసిల్లస్ లోపలి పి.హెచ్.ను బయటిదానితోపాటు తగ్గనిచ్చి, మరింత పులుపులోనూ పనిచేస్తుంది. పైగా 40 డిగ్రీల వేడిలో లాక్టోకాకస్ సరిగా పెరగదు. కనుక వేసవి పెరుగులో పైచేయి లాక్టోబాసిల్లస్‌దే.

శీతలీకరణ చాలునన్న వాదన ఉన్నది. అయితే విద్యుత్తు, యంత్రాల ఖర్చు అందరూ భరించగలిగినది కాదు. తోడు ఎంత వేగంగా తోడుకుంటుందన్నదే కాక, ఏ పులుపు వద్ద ఆగుతుందన్నదీ ఎంపికకు ప్రమాణం కావాలి. వేడిని ఓర్చి, ఆమ్లానికి త్వరగా లొంగే స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్ వంటివి ఇందుకు అనువైనవి. గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల వంటి సంస్థలు కృష్ణా డెల్టాలోని ఇంటి తోడులను సేకరించి, ఆమ్లసహనాన్ని బట్టి వర్గీకరించి, తగినవాటిని చిన్న ఉత్పత్తిదారులకు అందించాలి.