దీవి మనకేం బాకీపడింది?



అండమాన్ వెళ్లొచ్చినవారి నోట ఈమధ్య ఒకటే మాట. "స్వర్గం అన్నారు అయ్యగారూ, తీరా పోతే వానే వాన. డబ్బులు దండగ." ఈ మాట నేనొప్పుకోను.

అక్కడ మే చివర పట్టిన వాన నవంబరు దాటితేగానీ తగ్గదు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు. ఆ అడవి అంత పచ్చగా ఉన్నది అందుకే. బెల్లంకొండలో మిరప ఎండుతుంటే ఉపవాసముండి వాన అడిగే మనమే, అక్కడ వాన పడితే మోసపోయామంటామా? స్వర్గమని రాసింది ప్యాకేజీ కాగితం, దేవుడు కాదు.

ఇంకొకమాట మరీ బాధించింది. "జారవాలు ఒక్కరూ కనపడలేదు." కనపడటానికి వాళ్లేమన్నా జూలో ఉన్నారా? వారి ఫోటో తీయడమే నేరం. తిండి ఆశచూపి వారిచేత నాట్యం చేయించిన వీడియో 2012లో బయటికొస్తే దేశమంతా సిగ్గుపడింది. దేవుని పోలికలో పుట్టిన మనిషిని మన టికెట్‌లో కలిపి అమ్మరు.

సెల్యులార్ జైలు "గంటలో అయిపోయింది" అట. రంప పితూరీలో పట్టుబడ్డ గాం మల్లుదొరను ద్వీపాంతరం పంపింది అండమానుకే. ఆయనకు గంటలో అయిపోలేదు. తర్వాత 1952లో విశాఖ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడాయన. మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఓడ పగిలి పౌలు మెలితే దీవికి చేరిన రోజు కూడా వానే, పైగా చలి. ఆ దీవివాసులు మంట వేస్తే ఆయన పుల్లలేరాడు. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయం, ఈ రాత్రి ఇంట్లో చదవండి.

శ్రీకాకుళం వైపునుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువారు అక్కడ చాలామంది. ఈసారి వెళ్లేవారు ఒక సాయంత్రం వాళ్లతో కూర్చుని, వాళ్ల దీవి ఎలా ఉందో వాళ్లనే అడిగి రండి.