నూనె డబ్బా పక్కన మందు డబ్బా

కొత్తచెరువు: తొలకరి పడి వేరుశనగ విత్తనాలకు గిరాకి పుంజుకునే రోజులలోనే పురుగుమందుల నిలవలు కూడా దిగుతాయి. విత్తనం, ఎరువు, మందు అరువుకిచ్చి, పంట వచ్చాక కాయలతో జమ కట్టుకోవడం మెట్ట ప్రాంతపు వర్తకంలో పాత ఆనవాయితీ. అయితే ఆర్గానోఫాస్ఫరస్ మందులను తక్కిన సరుకుతో కలిపి ఒకే గదిలో పడవేసే అలవాటు మాత్రం ఇకనైనా మానవలసి ఉన్నది.

క్లోర్‌పైరిఫాస్, క్వినాల్‌ఫాస్, మోనోక్రోటోఫాస్, మలాథియాన్ ఈ కోవలోనివే. నరాల సంకేతం పని ముగియగానే దానిని ఆపవలసిన ఎంజైమును ఇవి పనిచేయనీయవు. పురుగు చచ్చేది అందువల్లనే. మనిషికి చెమటలు పట్టి, నోట చొంగ కారి, కంటిపాప చిన్నదై, ఊపిరి ఆగేదీ అందువల్లనే. మింగనక్కరలేదు, చర్మం గుండా కూడా ఎక్కుతుంది. కారుతున్న డబ్బాను భుజాన మోసే హమాలీకి ఈ సంగతి ఎవరు చెబుతున్నారు? 1997-2002 మధ్య వరంగల్లు ఎం.జి.ఎం. ఆస్పత్రి ఒక్కదానిలోనే పురుగుమందుల విషంతో చేరినవారు 8 వేలకు పైమాటే.

(గోదాములలో బస్తాల మధ్య పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడు మాత్రలు ఈ కోవలోనివి కావు. వీటికి విరుగుడైన అట్రోపిన్ దానికి పనిచేయదు. ఆస్పత్రికి వెళ్లేటపుడు మందు డబ్బాను వెంట తీసుకుపోవడం అందుకే అవసరం.)

వర్తకులకు గుర్తుండవలసినది 1958 నాటి కేరళ ఉదంతం. ఓడలో ఫాలిడాల్ అనే పారాథియాన్ మందు పక్కన వచ్చిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. 1968 క్రిమిసంహారక మందుల చట్టానికి మూలం అదే. మందును ఆహారపదార్థాలకు, పశువుల దాణాకు తగలనీయరాదని, వేరు గదిలోగాని తాళం వేసిన బీరువాలోగాని ఉంచాలని 1971 నియమావళి స్పష్టంగా చెబుతున్నది. అయినా 2013లో బీహారు పాఠశాలలో మోనోక్రోటోఫాస్ కలిసిన వంటనూనెతో చేసిన భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు.

నూనె వర్తకులు మరీ జాగ్రత్తపడాలి. ఈ కుటుంబపు రసాయనాలు పురుగుమందులకే పరిమితం కావు; ప్లాస్టిక్కును మెత్తబరచడానికి, యంత్రాల కందెనలలో కూడా వాడతారు. 1959లో మొరాకోలో ట్రైక్రెసిల్ ఫాస్ఫేటు ఉన్న విమానపు కందెన నూనెను వంటనూనెలో కలిపి అమ్మగా దాదాపు 10 వేల మందికి కాళ్లు చచ్చుపడ్డాయి. 1988లో కలకత్తా బెహాలాలో ఆవనూనెకు జరిగినదీ దాదాపు ఇదే. పాత డ్రమ్ము చవకగా దొరికిందని వేరుశనగ నూనె నింపే ముందు అందులో ఇదివరకు ఏముండేదో విచారించడం లాభసాటి బేరమే.

ఇక నిలవల మాట. 2023లో కేంద్రం మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావకాన్ని నిషేధిస్తూ, ఉన్న సరుకు అమ్ముకోవడానికి ఏడాది గడువిచ్చింది; అదీ దాటిపోయింది. మిగిలినది నష్టమేనని వర్తకుడు చాటున రైతుకు అంటగడితే పట్టుబడేది చిల్లర దుకాణమేగాని కంపెనీ కాదు. సరుకు తిరిగి తీసుకొమ్మని పంపిణీదారును రాతపూర్వకంగా అడగడమే మేలు. గడువు తీరిన డబ్బాలను విడిగా పెట్టి 'అమ్మకానికి కాదు' అని ముద్ర వేయాలని కూడా నియమావళిలో ఉన్నది. ఆ ముద్రకయ్యే ఖర్చు ఒక్క డబ్బా మీద వచ్చే లాభమంత కూడా ఉండదు.