వాసన లైట్‌గానే వస్తోందా? అయితే జాగ్రత్త!

మొన్న రాత్రి పదకొండు దాటాక ఆఫీస్ నుంచి రూమ్‌కి వచ్చి తలుపు తీశాను. కుళ్లిన ఉల్లిపాయ లాంటి వాసన, అదీ లీలగా. సాయంత్రం నుంచీ ఇంట్లోనే ఉన్న మా రూమ్మేట్‌కి అసలు ఏ వాసనా తెలియలేదట. వాడు మ్యాగీ చేసుకుని స్టవ్ నాబ్ అయితే తిప్పాడు గానీ రెగ్యులేటర్ కట్టలేదు. సిలిండర్ దగ్గర రబ్బర్ ట్యూబ్‌కి సన్నటి పగులు ఉన్న సంగతి ఇద్దరికీ తెలీదు.

"లైట్‌గానే ఉంది కదరా, ఎగ్జాస్ట్ వేస్తే పోద్ది" అంటూ వాడు కిచెన్ స్విచ్ మీద చెయ్యి వేయబోయాడు. "రేయ్, ముట్టుకోకు!" అని నేను అరిచిన అరుపుకి పక్క ఫ్లాట్ అంకుల్ కూడా బయటికొచ్చేశారు.

తర్వాత వాడు అడిగిన ప్రశ్న మాత్రం మంచిదే. "వాసన అంత తక్కువగా ఉంటే అంత భయం దేనికి?" జవాబు తెలియాలంటే అణువులు ఎలా తిరుగుతాయో చూడాలి.

మన గదిలో గాలి కదలనట్టే కనిపిస్తుంది. కానీ అందులోని నైట్రోజన్ అణువులు సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో పరిగెడుతుంటాయి. ప్యాసింజర్ విమానానికి దాదాపు రెట్టింపు స్పీడ్ అన్నమాట. మరి అంత వేగమైతే వంటింటి వాసన రెప్పపాటులో హాల్లోకి రావాలి కదా? 1858లో డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ సరిగ్గా ఇదే డౌట్ లేవనెత్తాడు. అదే ఏడాది జర్మనీకి చెందిన రుడాల్ఫ్ క్లాసియస్ జవాబిచ్చాడు. అణువు వేగంగానే బయల్దేరుతుంది, కానీ దారిలో ఇంకో అణువుని గుద్దుకుని దిక్కు మార్చుకుంటుంది. మళ్లీ గుద్దుకుంటుంది, మళ్లీ మారుతుంది.

ఒక గుద్దుకీ ఇంకో గుద్దుకీ మధ్య అణువు వెళ్లే దూరం మన తల వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు. సెకనుకి వందల కోట్ల గుద్దులు! జాతరలో జనం మధ్య పరిగెత్తాలని చూస్తే ఎలా ఉంటుందో అలా. గాలి ఏమాత్రం కదలకపోతే మూడు మీటర్లు దాటడానికి వాసనకి రోజులు పడుతుంది. మనకి నిమిషాల్లో తెలుస్తోందంటే ఫ్యాన్ గాలో, కిటికీ గాలో, మన నడకో దాన్ని మోసుకొచ్చినట్టే.

ఇక బరువు సంగతి. ఎల్‌పీజీలో ముఖ్యంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. గాలి అణువుల సగటు బరువు 29 అయితే ప్రొపేన్‌ది 44, బ్యూటేన్‌ది 58. అలాగని ఒక్కో బ్యూటేన్ అణువు రాయిలా కింద పడిపోదు. గాలి అణువులు దాన్ని అన్ని వైపులకీ తోస్తూనే ఉంటాయి. గాలిలో పూర్తిగా కలిసిపోయాక అది మళ్లీ విడిపోయి కిందికి దిగదు కూడా. కానీ పగుల్లోంచి అప్పుడే బయటికొచ్చిన గ్యాస్ ఇంకా గుంపుగా ఉంటుంది. గాలిలో కలవడానికి టైమ్ పడుతుంది, ఈలోపు ఆ గుంపు గాలికంటే బరువు. అందుకే ఒలికిన నీళ్లలా నేలంతా పరుచుకుంటుంది.

ఇప్పుడు మా కిచెన్ ఊహించుకోండి. నా ముక్కు ఐదడుగుల ఎత్తులో, గ్యాస్ పాదాల దగ్గర. పైన లీలగా ఉన్నంత మాత్రాన కింద ఎంత ఉందో ఏం తెలుస్తుంది? గాలిలో ఎల్‌పీజీ సుమారు 2 నుంచి 9 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది. స్విచ్ వేసినా రవ్వ రావచ్చు, తీసినా రావచ్చు. ఫ్రిజ్ కంప్రెసర్ ఉండేది కూడా నేల దగ్గరే.

ఎల్‌పీజీకి సొంతంగా వాసన దాదాపు ఉండదు. లీకైతే తెలియాలనే ఘాటైన మెర్కాప్టన్ కలుపుతారు. కానీ ఆ వాసనలోనే ఉండిపోతే ముక్కు అలవాటు పడిపోతుంది. మావాడికి తెలియకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఆ రాత్రి ఏం చేశామంటే, ఆరి ఉన్న లైట్ వేయలేదు, వెలుగుతున్నది ఆపలేదు. ముందు రెగ్యులేటర్ కట్టేశాం. కిటికీలతో పాటు తలుపులూ బార్లా తెరిచాం. నేల మీదున్న గ్యాస్ బయటికి పోవాలంటే నేలదాకా ఉండే తలుపు తెరవాల్సిందే. అందరం కిందికి దిగాకే 1906కి ఫోన్ చేశాం. ఎల్‌పీజీ లీకుల కోసం దేశమంతా 24 గంటలూ పనిచేసే నంబర్ అది. ఇప్పుడే సేవ్ చేసుకోండి.

ట్యూబ్ మార్చేశాం. మావాడైతే ఇప్పుడు మ్యాగీ చేసిన ప్రతిసారీ రెగ్యులేటర్ కట్టి, ఫొటో తీసి రూమ్ గ్రూప్‌లో పెడుతున్నాడు. మీరు ఫొటోలు పెట్టక్కర్లేదు గానీ, ఇవాళ ఒకసారి వంగి మీ ట్యూబ్ ఎలా ఉందో చూడండి.